కర్బలా ఎక్కడ, మన పీర్ల చావిడి ఎక్కడ?

తెలంగాణలో, రాయలసీమలో కొన్ని పల్లెల్లో వెతికినా ఒక్క ముస్లిం కుటుంబం కనిపించదు. పీర్ల చావిడి మాత్రం ఉంటుంది. మొహర్రం నెల పొడుపు కనబడగానే దానికి సున్నం వేస్తారు, ముందర గుండం తవ్వుతారు, పెట్టెలో పెట్టిన పీర్లను బయటికి తీసి తళతళలాడేలా తోముతారు. ఇక పదో రోజు దాకా డప్పులు, ఆటలు, మొక్కులు. సరిగ్గా అవే పది రోజులు హైదరాబాద్ పాతబస్తీలో దారుల్‌షిఫా, డబీర్‌పురా వైపు వెళ్తే నల్లబట్టలు, ఏడుపులు, గుండెలు బాదుకోవడం. అక్కడ ఆ పది రోజుల్లో పెళ్లి మాటెత్తరు. రెండుచోట్లా తలుచుకునేది మాత్రం ఒకే మనిషిని: 1,300 ఏళ్ల కిందట ఇరాక్‌లో చంపేసిన ఇమామ్ హుసేన్‌ను.

ఇదెలా కుదిరిందని అడిగితే మామూలుగా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, మతసామరస్యం. వినడానికి బాగుంటుంది, పేపర్లో ఫొటో కింద వేసుకోవడానికి పనికొస్తుంది. కానీ సామరస్యం కోసమైతే పక్కింటి రంజాన్‌కు వెళ్లి సేమియా తిని వస్తే చాలు కదా. పది రోజులు నిష్ఠగా ఉండి నిప్పుల మీద నడవడం ఎందుకు? రెండో జవాబు, నవాబులు పైనుంచి రుద్దారు, జనం తెలియక చేస్తున్నారు అని. నిజాం పాలన 1948లోనే పోయింది. రాయలసీమనైతే నిజాం 1800లోనే ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. రుద్దినది అన్నేళ్లు ఎవరూ సొంత ఖర్చుతో మోయరు.

నా మటుకు నాకు ఈ పండుగ ఒక్కచోట ఒక్కసారి పుట్టింది కాదు. అది ఆగిన ప్రతిచోటా అక్కడివాళ్లు దానికి ఇంకో పొర వేశారు. ఏ పొర ఎక్కడిదో విడదీస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

మొదటి పొర కర్బలా. హిజ్రీ 61వ సంవత్సరం, మొహర్రం 10. ఇంగ్లిష్ లెక్కలో 680 అక్టోబర్ 10. హుసేన్ ప్రవక్తకు మనవడు, అలీ ఫాతిమాల కొడుకు. తండ్రి తర్వాత డమాస్కస్‌లో గద్దెనెక్కిన యజీద్‌ను ఖలీఫాగా ఒప్పుకోనన్నాడు. రమ్మని కూఫా నగరం వాళ్లు కబురు పెడితే ఇంటిల్లిపాదితో బయల్దేరాడు. దారిలో కర్బలా దగ్గర యజీద్ సైన్యం అడ్డం తిరిగింది. పక్కనే యూఫ్రటీస్ నది. ఆ నీళ్లు అందకుండా కాపలా పెట్టారు. హుసేన్ వైపు పోరాడింది 72 మంది అని సంప్రదాయం చెప్పే లెక్క. జెండా పట్టిన తమ్ముడు అబ్బాస్, దాహంతో ఏడుస్తున్న పిల్లల కోసం తోలుతిత్తిలో నీళ్లు తేబోయి, రెండు చేతులూ తెగి పడిపోయాడు. అన్న హసన్ కొడుకు ఖాసిం ఇంకా కుర్రవాడు. యుద్ధానికి ముందే అక్కడే అతనికి పెళ్లి చేశారని కథ. చివరికి హుసేన్ కూడా నేలకొరిగాడు. ఆడవాళ్లను, పిల్లలను బందీలుగా డమాస్కస్‌కు తోలుకుపోయారు.

ఈ కథలోంచి మూడింటిని గుర్తుపెట్టుకుంటే ముందుకు సులువవుతుంది: అబ్బాస్ చేతిలోని జెండా, దొరకని నీళ్లు, పారాణి ఆరని పెళ్లికొడుకు.

తర్వాత దాదాపు 300 ఏళ్లు ఈ శోకం ఇళ్లలో, సమాధుల దగ్గర సాగింది. 963లో బాగ్దాద్‌ను ఏలుతున్న బుయీద్ పాలకుడు ముయిజ్ అల్ దౌలా, మొహర్రం పదో రోజు బజారు మూసి అందరూ వీధుల్లో దుఃఖం పాటించాలని హుకుం జారీచేశాడు. అప్పటినుంచి ఏడుపు ఊరేగింపు అయింది, రాజ్యానికి దానితో పని పడింది. 1501లో షా ఇస్మాయిల్ ఇరాన్‌లో షియా మార్గాన్ని, అంటే అలీ, హుసేన్‌ల వంశాన్నే ఇమామ్‌లుగా నమ్మే శాఖను, రాజ్యమతం చేశాక ఆ పని ఇంకా పెరిగింది. ఆ కాలంలోనే ఇరాన్ నుంచి కవులు, సైనికులు, వర్తకులు దక్కన్ కొలువులకు వరస కట్టారు.

గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. 1591లో హైదరాబాద్‌ను కట్టిన మహమ్మద్ కులీ స్వయంగా దక్కనీ భాషలో హుసేన్ మీద శోకగీతాలు రాశాడు. ఊరు పుట్టిన కొద్ది ఏళ్లకే చార్మినార్‌కు దగ్గరలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా లేచింది. ఆషుర్‌ఖానా అంటే మొహర్రం శోకం పాటించే మందిరం. నేటికీ లోపలికి వెళ్లి గోడ చూడండి: నీలం, పసుపు పెంకులతో పేర్చిన పెద్దపెద్ద ఆలమ్‌లు కనిపిస్తాయి. ఆలమ్ అంటే యుద్ధంలో పట్టే జెండా తలకాయ, లోహంతో చేసింది. కొన్ని ఆకు ఆకారంలో ఉంటాయి, కొన్ని అరచేయి ఆకారంలో. అరచేయి ఎందుకో అబ్బాస్ కథ తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పదో రోజు ఏనుగు మీద డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా వెళ్లే బీబీ కా ఆలమ్ కూడా కుతుబ్‌షాహీల నాటిదే. ఆ వంశపు రాణి హయాత్ బక్షీ బేగం పేరుతో దాని చరిత్ర ముడిపడి ఉంది. ఫాతిమాకు చివరి స్నానం చేయించిన చెక్కలోని ముక్క అందులో ఉందని భక్తుల నమ్మకం.

లక్నో వైపు మొహర్రం అంటే ముందు గుర్తొచ్చేది తాజియా, వెదురుబద్దలతో, రంగుకాగితంతో కట్టిన హుసేన్ సమాధి నమూనా. దక్కన్‌లో పెద్దపీట ఆలమ్‌కే. మన పల్లెల్లో పీరు అని చేతులెత్తి మొక్కేది ఈ ఆలమ్‌కే.

అది పల్లెకు ఎలా చేరింది? ఇక్కడ భక్తి కంటే భూమి మాట ముందు చెప్పాలి. ఆషుర్‌ఖానాల ఖర్చుకు పాలకులు ఇనాం భూములు రాసిచ్చారు. కుతుబ్‌షాహీలు పోయాక వచ్చిన ఆసఫ్‌జాహీలు సున్నీలు, ఇంకో శాఖవాళ్లు, అయినా ఈ ఆనవాయితీని చాలావరకు నడిపించారు. ఊళ్లో ఒక ఉత్సవానికి భూమి వచ్చిందంటే ఊరి వ్యవస్థ మొత్తం దాంట్లోకి దిగినట్టే. డప్పు కొట్టేది ఒకరు, దివిటీ పట్టేది ఒకరు, గుండానికి కట్టెలు తెచ్చేది ఒకరు, పీరు ఎత్తే హక్కు ఒక ఇంటిది. పీర్లకు పూజారిలా ఉండే ముజావర్‌గా కొన్నిచోట్ల దూదేకులవాళ్లు, కొన్నిచోట్ల హిందువులే. ఊరి జాతరలో ఎవరి పని ఎలా వంశపారంపర్యంగా వస్తుందో ఇక్కడా అంతే. సామరస్యం అని మనం ముచ్చటపడే దాంట్లో కులం పెట్టిన పంపకం కూడా ఉందన్నమాట, దాన్ని చూడనట్టు పోలేం.

భూమి ఒక్కటే కారణమైతే భూములు పోయిన చోట పీర్లూ పోవాలి. చాలా చోట్ల పోలేదు. ఎందుకంటే ఈలోపు అమ్మవారి జాతరకున్న అంగాలన్నీ ఇందులో వచ్చి చేరాయి. పల్లెకు కర్బలా కథ కొత్త కావచ్చు, దాన్ని అందుకునే పద్ధతి పాతదే. అన్యాయంగా చచ్చిపోయిన వీరుడిని దేవుణ్ని చేసుకోవడం మనకు ఎప్పటినుంచో అలవాటు. ఊరూరా నిలబడి ఉన్న వీరగల్లులే సాక్ష్యం. నిప్పులగుండం తొక్కడం వీరభద్రుడి గుళ్లలో ఉంది. ఒంటిమీదికి దేవత రావడం, వచ్చి పంట గురించో జబ్బు గురించో పలకడం ఏ జాతరలోనైనా ఉంది. పీరు ఎత్తుకున్నవాడికి పూనకం వస్తే ఊరివాళ్లు ఆశ్చర్యపోరు, వరస కట్టి ప్రశ్నలడుగుతారు.

ఏడో రోజో, తొమ్మిదో రోజో సాయంత్రం ఏ ఊరి చావిడి ముందైనా నిలబడితే పొరలన్నీ ఒకేచోట కనబడతాయి. గోడకు ఆనించిన వెదురు గడలు, వాటి కొసన ఇత్తడి ఆలమ్‌లు. ఒక్కో గడకు మొక్కుకున్నవాళ్లు కట్టిన దట్టీలు, అంటే బట్టలు, ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ, ఒకదాని మీద ఒకటి, గడ కనబడనంతగా. మెడలో కుడుకల దండలు. ఊదు పొగ కళ్లు మండిస్తుంది. పక్కన బిందెలో బెల్లం షర్బత్, ఎవరొచ్చినా ఒక గ్లాసు: దాహంతో పోయినవాళ్ల పేరు మీద. రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు. సద్దుల బతుకమ్మ నాడు తెలంగాణ ఆడవాళ్లు చేసేదీ ఈ మలీదే. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో తేల్చే పని నేను పెట్టుకోను. బయట అలావా అనే గుండం చుట్టూ మగవాళ్లు అడుగు కలిపి తిరుగుతుంటారు. పాటలో హసన్ హుసేన్‌లు ఆశన్న, ఊశన్న అయిపోయారు. ప్రతి చరణం చివరా "అసోయ్ దూలా" అని ఎత్తుకుంటారు. ఆ దూలా ఎవరో కాదు, పెళ్లికొడుకు ఖాసిం. డప్పు బిగువు తగ్గినప్పుడల్లా ఒకతను గుండం దగ్గరికి వెళ్లి సెగకు పట్టి వస్తాడు.

మరి దుఃఖం ఎక్కడికి పోయింది? పోలేదు, పక్కకు జరిగింది. మొక్కుకున్నవాళ్లు ఫకీర్లవుతారు. చెప్పులు వదిలేసి, కొన్ని ఇళ్లు తిరిగి అడుక్కుని, అది నైవేద్యంగా పెడతారు. పదో రోజు పీర్లు చెరువుకో వాగుకో బయల్దేరినప్పుడు ముసలమ్మలు నిజంగానే ఏడుస్తారు. అక్కడ కడిగి, ముఖం కప్పి, మౌనంగా తెచ్చి పెట్టెలో పెట్టేస్తారు. అప్పటిదాకా ఎగిరిన డప్పు ఆ దారిలో వేరేగా మోగుతుంది. మన చావు ఇళ్లల్లోనూ డప్పు ఉంటుంది, ఆట ఉంటుంది. ఏడుపూ ఆటా కలిసి ఉండటం పల్లెకు వింతేమీ కాదు. పట్నం షియా ఇంట్లో నుంచి చూసేవాళ్లకు మాత్రం అది కష్టంగానే ఉంటుంది, వాళ్ల బాధను కాదనలేం.

మొక్కులు తీరినవాళ్లు కందూరు విందు చేస్తారు, పిల్లలకు పేర్లు పెడతారు. పీరయ్య, హుసేనమ్మ, ఫకీరప్ప, మౌలాలి, కుళ్లాయప్ప అనే పేర్లున్న హిందువులు రాయలసీమలో కొల్లలు. కుళ్లాయప్ప పేరు అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడు నుంచి వచ్చింది. అక్కడి కుళ్లాయిస్వామి పీరు. పక్కనే ఆంజనేయస్వామి గుడి. మొహర్రానికి కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు, రెండుచోట్లా దండం పెట్టుకుని వెళ్తారు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో ఇదే సమయంలో జరిగే రొట్టెల పండుగ వేరే కథ, వేరే అమరులు. కానీ ఆ చెరువులో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, వీసా రొట్టె అంటూ మార్చుకునే జనాన్ని చూస్తే మొక్కు అనేది ఎంత బతికున్న వ్యవహారమో తెలుస్తుంది.

ఇక్కడితో ఆగితే ఇది మన ప్రాంతపు విచిత్రం అనుకోవచ్చు. కానీ ఇదే పండుగ ఓడలెక్కి పోయింది.

ఇండోనేషియాలో సుమత్రా పశ్చిమ తీరాన పరియామన్ అనే ఊరుంది. ఊరంతా సున్నీలు. మొహర్రానికి వాళ్లు తబూయిక్ అనే ఎత్తైన బుర్జులు రెండు కడతారు, కింద రెక్కల గుర్రం, పైన గొడుగులు. డోళ్లు వాయిస్తూ ఊరేగించి సాయంత్రానికి సముద్రంలో పడేస్తారు. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ సైన్యంలోని భారతీయ సిపాయిలు దీన్ని తెచ్చారని అక్కడి చరిత్ర. అదే తీరంలో కంపెనీవాళ్ల బెంకులు స్థావరం 1760 దాకా మద్రాసు కింద ఉండేది. అక్కడా తాబోత్ పేరుతో ఈ పండుగ నేటికీ ఉంది.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది, దక్షిణాఫ్రికా చెరకు తోటలకు మొదటి కూలీలతో. తర్వాత వచ్చిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ వేలల్లో ఉన్నారు. తోటల్లో సెలవు దొరికే కొద్ది రోజుల్లో మొహర్రం ఒకటి. దాంతో అది హిందువులకూ ముస్లింలకూ ఉమ్మడి పండుగైపోయింది. తెల్లవాళ్లు వెటకారంగా దాన్ని "కూలీ క్రిస్మస్" అనేవారు.

అన్నిటికంటే పెద్ద కథ ట్రినిడాడ్‌ది. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడతో మొదలై 1917 దాకా లక్షా నలభై వేల మందికి పైగా భారతీయులు ఆ చిన్న ద్వీపానికి వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొంతమంది మద్రాసు నుంచి. అత్యధికులు హిందువులు. అక్కడ మొహర్రం "హోసే" అయింది. ఒక్కో ఎస్టేటు ఒక్కో తాజియా కట్టేది, ముందుండే హక్కు కోసం పోటీ పడేది. నల్లజాతివాళ్లూ వచ్చి డోలు కొట్టేవాళ్లు. 1884లో చక్కెర ధర పడిపోయింది, తోటల్లో సమ్మెలు, కూలీల్లో అలజడి. కూలీలూ నల్లజాతివాళ్లూ ఒక్కటై రోడ్డెక్కుతారని సర్కారుకు టెన్షన్ పట్టుకుంది. ఊరేగింపులు పట్నాల్లోకి, పెద్ద రోడ్ల మీదికి రాకూడదని ఆర్డర్ వేసింది. దాన్ని ఎత్తేయమని అర్జీ పెట్టినవాళ్లకు ముందు నిలబడింది సూకూ అనే హిందువు. సర్కారు వినలేదు. అక్టోబర్ 30న కూలీలు అలవాటు ప్రకారం తాజియాలెత్తుకుని శాన్ ఫెర్నాండో పట్నం వైపు నడిచారు. పొలిమేరలో పోలీసులు కాల్పులు జరిపారు. దాదాపు 20 మంది చచ్చిపోయారు, 100 మందికి పైగా గాయపడ్డారు. విచారణకు జమైకా గవర్నర్ హెన్రీ నార్మన్‌ను వేశారు. ఆయన సర్కారు చేసింది సబబేనన్నాడు.

ఎవరి పండుగని ఎవరు ప్రాణాలిచ్చారు? ఆ ప్రశ్న ఆ రోజు అక్కడ ఎవరూ వేసుకుని ఉండరు. తోటలో ఏడాదంతా మేస్త్రీ చెప్పినట్టు నడిచినవాళ్లకు, తాము చెప్పినట్టు రోడ్డు నడిచే రోజు అదొక్కటి. హోసే ఇప్పటికీ పోర్ట్ ఆఫ్ స్పెయిన్ శివారు సెయింట్ జేమ్స్‌లో, సెడ్రోస్‌లో జరుగుతుంది. తాస్సా డోలు చర్మాన్ని అక్కడా మంట సెగకు పెట్టి బిగించేవారు.

ఈ ఊరేగింపులు ఎక్కడినుంచి బయల్దేరాయో చెప్పే ఆనవాలు ఒకటుంది, అది చివర్లో వచ్చే నీళ్లు. ఇరాన్‌లో ఖర్జూరచెట్టు పేరుతో పిలిచే ఇంటంత ఎత్తు చట్రాలు మోస్తారు, కర్బలా నాటకం ఆడతారు, కానీ వాటిని నీళ్లలో కలపరు. నిమజ్జనం మన దేశంలో వచ్చి చేరిన పొర. పరియామన్ సముద్రంలో, డర్బన్ ఉమ్గెనీ నదిలో, ట్రినిడాడ్ తీరంలో తాజియా నీళ్లలోకి దిగిందంటే ఆ దారి ఇరాన్ నుంచి నేరుగా పోలేదు, మన మీదుగా పోయింది.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే సాగలేదు. పుణెలో హిందువులు ఒకప్పుడు మొహర్రం ఊరేగింపుల్లో పెద్దఎత్తున పాల్గొనేవారు. 1893లో బొంబాయిలో మతఘర్షణలు జరిగాక అక్కడి నాయకులు మొహర్రానికి దూరంగా ఉండమని పిలుపిచ్చారు. అదే సమయంలో ఇళ్లలో ఉన్న వినాయకుణ్ని తిలక్ ప్రభృతులు వీధి మండపాల్లోకి తెచ్చారు. పాటలు పాడే మేళాలు, పేటల మధ్య పోటీ, పది రోజుల లెక్క, చివర సామూహిక ఊరేగింపు: ఇందులో మొహర్రం నమూనా ఎంత ఉందో చరిత్రకారులు చాలామంది చూపించారు. నేడు హుసేన్‌సాగర్‌కు కదిలే వినాయకుల వెనక ఆ కథ కూడా ఒక పాయగా ఉంది.

ఇప్పుడు పీర్ల మీద ఒత్తిడి రెండువైపుల నుంచీ ఉంది. డోళ్లు, ఆటలు, లోహపు బొమ్మలాంటి దానికి మొక్కడం ఇస్లాంలో లేవని ముస్లిం సంస్కరణవాదులు వారిస్తున్నారు. మనకెందుకీ పండుగ అని హిందూ సంఘాలు అడుగుతున్నాయి. ఇద్దరూ అడిగేది ఒకటే, ఇది ఎవరిదో తేల్చమని. చావిడి దగ్గర దట్టీ కట్టే మనిషికి ఆ లెక్కతో పని లేదు. ఫలానా ఏడు పిల్లాడికి జ్వరం తగ్గితే కడతానని మొక్కుకుంది, కడుతోంది. అసలు దెబ్బ తగులుతున్నది వేరేచోట, గడలు ఎత్తాల్సిన కుర్రాళ్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఉన్నారు. కొన్ని ఊళ్లలో పీరు ఎత్తే ఇంటివాళ్లే లేరు.

హిజ్రీ సంవత్సరం 354 రోజులే. మన పంచాంగంలో అధికమాసం వేసి సరిచేసినట్టు దానికి సరిచేయడం ఉండదు, కాబట్టి మొహర్రం ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో పదో రోజు జూలై 6న వచ్చింది, సరిగ్గా వానాకాలం సాగు పనుల్లో, బడులు తెరిచాక. లెక్క ప్రకారం 2029 నాటికి అది మే చివరికి, పిల్లల ఎండాకాలం సెలవుల్లోకి వస్తుంది. గడలు ఎత్తడానికి చేతులు చాలక ఇబ్బంది పడుతున్న ఊళ్లు ఆ కొన్నేళ్ల కోసం చూస్తున్నాయంటే ఆశ్చర్యం లేదు.